పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఈల పట్టుకునేవారికి

కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కలా హైస్కూలు మైదానాల్లో పిల్లలకు ఫుట్‌బాల్ పోటీలు పెట్టినప్పుడు రిఫరీగా నిలబడేది వ్యాయామ ఉపాధ్యాయుడో, ఒకప్పటి ఆటగాడో, పిల్లల తండ్రుల్లో ఒకరో అవుతారు. వీరిలో చాలామందికి నియమాలు తెలిసే ఉంటాయి. పదేళ్ల పిల్లల మ్యాచ్‌లో అసలు పని ఈల వేశాక మొదలవుతుందని, ఆట ఎందుకు ఆపామో ఆ పిల్లవాడికి అక్కడికక్కడే ఒక్క మాటలో చెప్పకపోతే ఆ ఈల వృథా అయినట్టేనని నా నమ్మకం.

నేను కొత్తగా రిఫరీగా నిలబడిన రోజుల్లో, తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు త్రో-ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేతులతో మళ్లీ మైదానంలోకి వేయడం) విసిరే క్షణంలో వెనక కాలు పూర్తిగా గాల్లోకి లేపాడు. ఈల వేసి బంతిని అవతలి జట్టుకు ఇచ్చేశాను. అతడు అదే తప్పు మరో రెండుసార్లు చేశాడు. నాలుగోసారి బంతి తన దగ్గరికి వస్తే పక్కవాడి చేతిలో పెట్టి, తల దించుకుని వెనక్కి వెళ్లిపోయాడు. మూడుసార్లు ఈల వేసిన నేను ఒక్కసారి కూడా కారణం చెప్పలేదు. విసిరేవారి ముఖం మైదానం వైపు ఉండాలి, రెండు పాదాల్లోనూ కొంత భాగమైనా గీత మీదో, గీత బయటి నేల మీదో ఆని ఉండాలి, బంతి రెండు చేతులతో తల వెనక నుంచి తల మీదుగా రావాలి. మడమ లేచినా వేళ్లు నేలకు ఆని ఉంటే అది తప్పు కాదు. ఇప్పుడైతే “నాన్నా, కాలి వేళ్లు నేలకు ఆనించి విసురు” అని చెప్పి, చిన్నపిల్లలకు మరో అవకాశం ఇస్తాను. అలా ఇస్తానని ఇద్దరు కోచ్‌లకూ మ్యాచ్‌కు ముందే చెప్పి ఉంచుతాను.

కార్డులు కూడా ఇలాంటి అవసరం నుంచే పుట్టాయి. 1966 ప్రపంచ కప్పులో రిఫరీ ఎవరిని హెచ్చరించాడో, ఎవరిని బయటికి పంపాడో ఆటగాళ్లకే తెలియక గందరగోళం రేగింది. భాష తెలియనివారికి కూడా నిర్ణయం అర్థం కావాలని ఇంగ్లండ్‌కు చెందిన మాజీ రిఫరీ కెన్ ఆస్టన్ హెచ్చరికకు పసుపు, బయటికి పంపడానికి ఎరుపు కార్డులు ఆలోచించగా, 1970 ప్రపంచ కప్పులో వాటిని మొదటిసారి వాడారు. మన పిల్లలకు మన మాట తెలుసు కాబట్టి ముందు మాటనే వాడాలి. అజాగ్రత్తగా కాలు పెట్టినవాడికి ఫ్రీ కిక్కు చాలు. ఎదుటివాడికి దెబ్బ తగులుతుందేమోనని చూసుకోకుండా దూకినవాడికి పసుపు, మితిమీరిన బలంతో ప్రమాదం తెచ్చినవాడికి ఎరుపు చూపించాలి. ఈ రెండింటిలో మొహమాటం కూడదు.

మ్యాచ్‌కు అరగంట ముందే మైదానానికి చేరుకోవాలి. గోలుపోస్టును రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. వెదురు పోస్టయినా ఇనుప పోస్టయినా కదిలిందంటే, దాన్ని గట్టిగా పాతించేదాకా ఆట మొదలుపెట్టకూడదు. మోకాలి కింద ఎముకకు దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్‌గార్డులు లేనివారిని ఆడించకూడదు. చెవిపోగులు, గాజులు, పట్టీలు తీయించాలి. తాయెత్తు దగ్గర ఇబ్బంది వస్తుంది కనుక ఆ మాట ముందురోజే ఇంటికి చేరాలి, అందరి ఎదుట పిల్లవాడితో తెంపించకూడదు. మైదానం పక్కన కాలువ ఉంటే బంతి అందులో పడినా పిల్లలెవరూ దిగకూడదని గట్టిగా చెప్పి, ఇంకో బంతి సిద్ధంగా ఉంచుకోవాలి.

గట్టు మీది నుంచి ఎక్కువగా వినిపించే కేక “హ్యాండు, హ్యాండు!” అన్నదే. బంతి చేతికి తగిలిన ప్రతిసారీ ఫౌలు కాదు. కావాలని తాకినా, ఆ కదలికకు సహజం కాని తీరులో చేయి చాచి ఒంటిని పెద్దది చేసుకున్నా ఫౌలు. చంక అడుగు అంచుకు పైన ఉన్న భుజాన్ని చేయిగా లెక్కపెట్టరు. దగ్గర నుంచి వచ్చిన బంతికి బెదిరి ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్న పిల్లవాడి మీద నేను ఈల వేయను.

గేదె మైదానంలోకి వచ్చి ఆటకు అడ్డుపడితే డ్రాప్ బాల్‌తో, అంటే రిఫరీ బంతిని నేల మీదికి వదిలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇద్దరి మధ్య బంతి వదిలి పెనుగులాడించే పద్ధతి 2019లోనే పోయింది. ఇప్పుడు ఒక్క ఆటగాడికే వదిలి, మిగిలినవారందరినీ 4 మీటర్ల దూరంలో నిలబెట్టాలి. గోల్‌కీపర్ బంతిని 8 సెకన్లకు మించి చేతుల్లో ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్ కిక్కు (మైదానం మూల నుంచి తన్నే అవకాశం) ఇవ్వాలన్న నియమం 2025లో వచ్చింది. చివరి 5 సెకన్లను చేయెత్తి వేళ్లతో లెక్కపెట్టి చూపించాలి.

తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లవాడు “బాగానే ఉన్నాను మాస్టారూ” అన్నా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. వాంతి, మగత, తగ్గని తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి పంపాలి. డెల్టా ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి ప్రతి సగంలోనూ నీళ్లకు ఆట ఆపాలి. ఉరుము వినిపిస్తే ఆట నిలిపివేసి అందరినీ బడి భవనంలోకి పంపాలి, కొబ్బరి చెట్ల కింద ఎవరినీ నిలబడనివ్వకూడదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మైదానంలోకి దిగకూడదు.

కార్డులు ఆటగాళ్లకూ, కోచ్ వంటి జట్టు సిబ్బందికీ చూపించవచ్చు కానీ ప్రేక్షకులకు చూపించలేం. గీత మీదికి వచ్చి అరిచే పెద్దాయనను “బాబాయ్ గారూ, కాస్త వెనక్కి జరగండి, అబ్బాయికి మీ మాటే వినిపిస్తోంది గానీ నా ఈల వినిపించడం లేదు” అని మర్యాదగా అడగాలి. వినకపోతే ఆ జట్టు కోచ్ ద్వారా చెప్పించాలి, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ నిలిపివేయాలి. గోలు లెక్క, కార్డులు, దెబ్బ తగిలిన పిల్లల పేర్లు, ఏ నిమిషంలో ఏం జరిగిందన్న వివరాలు ఇంటికి వెళ్లాక రాద్దామనుకోకుండా మైదానంలోనే రాసి, ఇద్దరు కోచ్‌లకూ చూపించి సంతకాలు తీసుకోవాలి.