మెటల్ బ్యాండ్ ఎలక్ట్రానిక్ ఆల్బమ్ చేస్తే దాని జానర్ (సంగీత రకం) ఎలా తేల్చాలి?

అమెరికన్ మెటల్ బ్యాండ్ కోర్న్ 2011 డిసెంబరులో ‘ది పాత్ ఆఫ్ టోటాలిటీ’ విడుదల చేసినప్పటి నుంచి ఒకే వాదన వింటున్నాను. ఒకరు అది మెటలే కాదంటారు, ఇంకొకరు అది అసలు డబ్‌స్టెప్పే (బరువైన బేస్, అంటే అడుగు శబ్దాల మీద నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం) కాదంటారు, మూడో మనిషి పెద్దమనిషిలా వచ్చి ‘సగం అది, సగం ఇది’ అని తీర్పు చెప్పి వెళ్ళిపోతాడు. ముగ్గురిలో ఎవరినైనా ఆల్బమ్ పూర్తిగా విన్నారా అని అడిగితే రెండు పాటలు విన్నామని జవాబు వస్తుంది. అందుకే ఆ ఆల్బమ్‌నే ముందు పెట్టుకుని, నేను పాటించే పద్ధతిని మెట్టు మెట్టుగా చెబుతాను.

కావలసినవి చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు, కాగితం, కలం, రెండు గంటల తీరిక. ఫోన్ స్పీకర్ పనికిరాదు.

మొదటి మెట్టులో ఏమీ రాసుకోకుండా ఆల్బమ్ మొత్తం ఒకసారి వరుసగా వినాలి. పాటల క్రమం మార్చకూడదు.

రెండవ మెట్టులో ఏ పాటకు ఎవరు పనిచేశారో రాసుకోవాలి. ఇక్కడ స్క్రిలెక్స్, నాయిజియా, ఎక్సిషన్ వంటివారి పేర్లు కనిపిస్తాయి. మామూలు ఎడిషన్‌లోని 11 పాటల్లో ప్రతిదానికీ ఎవరో ఒక ఎలక్ట్రానిక్ నిర్మాత తోడున్నారు. ఇది సమాచారమే తప్ప సాక్ష్యం కాదు. 2012లో ‘రివాల్వర్’ అనే మెటల్ పత్రిక ఈ ఆల్బమ్‌కు ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అవార్డు ఇవ్వడం కూడా సాక్ష్యం కాదు.

మూడవ మెట్టు లయను లెక్కించడం. డబ్‌స్టెప్ వేగం నిమిషానికి సుమారు 140 బీట్లు ఉన్నా, నాలుగు లెక్కల్లో మూడోదాని మీద మాత్రమే స్నేర్ డ్రమ్ దెబ్బ పడటం వల్ల వినడానికి 70లో నడిచినట్టుంటుంది. వేలితో బల్ల మీద కొడుతూ లెక్కిస్తే ఇది వెంటనే తెలుస్తుంది. చిక్కేమిటంటే, కోర్న్ వాయించే మెటల్ శాఖ ‘న్యూ మెటల్’ (nu metal) కూడా ఇలాగే బరువుగా, ఈడ్చుకుంటూ నడుస్తుంది. డబ్‌స్టెప్ రాకముందే తాము డబ్‌స్టెప్ చేశామని కోర్న్ గాయకుడు జోనాథన్ డేవిస్ చెప్పుకున్నది ఈ పోలికను పట్టుకునే. కాబట్టి ఇక్కడ లయ ఏదీ తేల్చదు. దాన్ని రాసుకుని ముందుకు సాగాలి.

నాలుగవ మెట్టు దగ్గరే దాదాపు అందరూ బోల్తా పడతారు. చేయవలసిన పని చెప్పడానికి సులువే: ఎలక్ట్రానిక్ పొరను మనసులోనే తీసేసి, మిగిలినది పాటగా నిలబడుతుందో లేదో చూడాలి. తీసేయాలంటే ముందు ఏది గిటారో, ఏది సింథో (ఎలక్ట్రానిక్‌గా శబ్దం పుట్టించే సింథసైజరో) చెవికి తెలియాలి, అది ఈ ఆల్బమ్‌లో తేలిక కాదు. కోర్న్ వాడేవి ఏడు తీగల గిటార్లు. అట్టడుగు తీగను వారు మామూలు శ్రుతి కంటే ఒక పూర్తి స్వరం దించి ‘ఎ’ స్వరానికి తెస్తారు. ఆ స్వరం 55 హెర్ట్జ్, అంటే డబ్‌స్టెప్ బేస్ తిరిగే ఇలాకాలోనే గిటారు కూడా తిరుగుతున్నట్టు. ఫోన్ స్పీకర్‌లో ఆ ఇలాకాయే సరిగా వినిపించదు కాబట్టి, దానిలో విని వాదించేవారితో నేను వాదించను.

రెండింటినీ విడదీయడానికి శబ్దం మొదలయ్యే క్షణాన్ని పట్టుకోవాలి. పిక్ (తీగను మీటే చిన్న బిళ్ళ) తీగను తాకినప్పుడు చిన్న గీరుడు వినిపిస్తుంది, చేయి ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారినప్పుడు తీగ కీచుమంటుంది. సింథ్ బేస్‌లోని ‘వావ్ వావ్’ ఊగుడుకు ఈ గీరుడు ఉండదు. అది తాళానికి కట్టేసినట్టు, ప్రతిసారీ ఒకే కొలతలో ఊగుతుంది. రెండూ ఒకే స్వరం మీద కలిసి మోగే చోట పది సెకన్ల ముక్కను నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి వినాలి. తొందరపడితే సింథ్‌ను గిటారుగా, గిటారును సింథ్‌గా రాసుకుంటారు, తరువాత ఎంత వాదించినా వృథాయే.

విడదీశాక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పాట శిఖరానికి చేరినప్పుడు పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి? డబ్‌స్టెప్‌లో గొంతు దారి చూపి తప్పుకుంటుంది, డ్రాప్ (బీటూ బేసూ ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టం) వచ్చి పాటను ఏలుతుంది. ‘నార్సిసిస్టిక్ కానిబల్’లో అలా జరగదు, పల్లవిని డేవిస్ పూర్తిగా పాడతాడు, దాన్ని ఒక్క గిటారు తోడుతో కూనిరాగం తీసినా పాట కూలిపోదు. ‘గెట్ అప్!’లో సింథ్ ఎంత గోల చేసినా పల్లవి గొంతుదే.

ఎన్ని పాటల్లో సింథ్ ఉందో లెక్కపెట్టి శాతం కట్టేవారి పద్ధతి ఎందుకు పనికిరాదో ఫియర్ ఫ్యాక్టరీ అనే మరో మెటల్ బ్యాండ్‌ను చూస్తే తెలుస్తుంది. 1995 నాటి ‘డీమాన్యుఫాక్చర్’లో రీస్ ఫుల్బర్ కీబోర్డులు దండిగా ఉన్నాయి, అయినా డ్రమ్స్, గిటారు ఒకదానికొకటి అతుక్కుని నడిచే తీరే దానికి వెన్నెముక కాబట్టి అది మెటలే. తాలింపు పెట్టినంత మాత్రాన పప్పు వేరే వంటకమైపోదు. 1997లో వచ్చిన రీమిక్స్ ఆల్బమ్ ‘రీమాన్యుఫాక్చర్’లో అవే పాటలు చాలా చోట్ల ముక్కలై, గొంతు బీట్ మీద చల్లిన తునకలుగా మారిపోయింది. గొంతూ పాటలూ అవే అయినా పగ్గాలు చేతులు మారాయి కనుక దాన్ని వేరే అరలో పెట్టాలి.

ఐదవ మెట్టు పేరు పెట్టడం. ఇక్కడ బడిలో చదివిన సమాసాలు అక్కరకొస్తాయి. విశేషణం ముందుంటుంది, అసలు వస్తువు చివరనుంటుంది. ‘డబ్‌స్టెప్ మెటల్’ అంటే డబ్‌స్టెప్ రంగు పూసుకున్న మెటల్, ‘మెటల్ డబ్‌స్టెప్’ అంటే అందుకు తలకిందులు. ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేవారు జానర్ గురించి మాట్లాడటం లేదు, కబుర్లు చెబుతున్నారు. ‘సగం సగం’ అనేవారు ద్వంద్వ సమాసం వేస్తారు, కానీ ఇంతవరకు రెండు పదాలకూ నిజంగా సమాన ప్రాధాన్యం ఉన్న ఆల్బమ్ నాకు దొరకలేదు.

పేరును ముందు పాటకొకటి చొప్పున రాసి, ఎక్కువ పాటలకు వచ్చినదాన్ని ఆల్బమ్‌కు పెట్టాలి. ఇమడని పాట ఉంటే దాని పక్కన చుక్క పెడితే చాలు. నా కాగితం మీద ‘ది పాత్ ఆఫ్ టోటాలిటీ’కి ఉన్న పేరు ‘డబ్‌స్టెప్ న్యూ మెటల్’, దాని కింద రెండు చుక్కలు.