పెరట్లో ఆలుగడ్డ: విత్తనం ఎంత తెచ్చుకోవాలె?

దీపావళి దగ్గరికొస్తోంది, మన ఓరుగల్లు దిక్కు ఆలుగడ్డ పెట్టే అదను ఇదే. చాలామంది జాగ ఎంతుంటే అంత పెట్టేస్తారు. నన్నడిగితే లెక్క వంటింట్ల నుంచి మొదలుపెట్టాలె.

గడ్డలు తవ్వేది ఫిబ్రవరిల. ఆ వెనుకే ఎండలు ముదురుతయి, కోల్డ్ స్టోరేజీ లేకుండా ఇంట్ల ఎక్కువ రోజులు ఆగవు, మొలకలొస్తయి లేదా కుళ్లుతయి. అందుకే నెలా నెలన్నరకు తినేంతే పండించుకోండి. నలుగురున్న ఇంటికి పది కిలోలనుకుందాం. మన చలి తక్కువ, అదీ కొద్దిరోజులే. కాబట్టి మొక్కకు పావుకిలో అనుకుంటే ఆశ హద్దుల ఉన్నట్టే. అంటే 40 మొక్కలు.

ఆలుగడ్డకు విత్తనమంటే గడ్డ ముక్కే. ఒక్కో ముక్క 40 గ్రాములు, రెండు మూడు కళ్లు, అంటే మొలకొచ్చే గుంటలు, తప్పకుండా ఉండాలె. మొత్తం కిలోన్నర పైచిలుకు విత్తనం. కోడిగుడ్డంత చిన్న గడ్డలు దొరికితే కోయకుండా అట్లనే పెట్టండి, కుళ్లు భయం తక్కువ. పెద్దవైతే కోసి ఒకరోజు నీడల ఆరబెట్టాలె. కూరగాయల దుకాణంల గడ్డలకు తెగులు ఉండొచ్చు, విత్తన గడ్డలే మేలు.

సాలుకూ సాలుకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ ఎనిమిది అంగుళాలు. 40 మొక్కలకు ఆరు గజాల జాగ చాలు. అంత లేకుంటే మొక్కలు తగ్గించండి, దగ్గర దగ్గర ఇరికిస్తే గోలీలే వస్తయి. గడ్డలకు ఎండ తగలకుండ మొక్క మొదట్లోకి మట్టి ఎగదోయడానికి సాళ్ల నడుమ సందు కూడా ఉండాలె కదా. ఎండ తగిలి పచ్చబడ్డ గడ్డ తినొద్దు.