కేఎస్‌హెచ్‌వీ జీనోమ్‌లో దొంగసొత్తును పట్టుకోవడం ఎలా?

ఇంటర్‌ల్యూకిన్-6, సైక్లిన్-డి, బీసీఎల్-2 మన కణాల ప్రోటీన్లు. కపోసి సార్కోమా అనే క్యాన్సర్‌కు కారణమైన హెర్పిస్ వైరస్, అంటే 1994లో బయటపడ్డ కేఎస్‌హెచ్‌వీ, వీటి పోలికలున్న జన్యువులను తన జీనోమ్‌లో మోసుకు తిరుగుతోంది. ఏది అతిథేయి (వైరస్ సోకే జీవి) నుంచి కొట్టేసిన దొంగసొత్తు, ఏది హెర్పిస్‌ల పాత ఆస్తి అన్నది కంప్యూటర్ మీదే తేల్చుకోవచ్చు. అయితే ఏ ఒక్క పరీక్షనూ నమ్ముకుని తీర్పు చెప్పకండి. ప్రతి దానికీ ఒక మినహాయింపు కాచుకుని ఉంటుంది.

ముందుగా ఎన్‌సీబీఐ (అమెరికా జన్యు సమాచార నిధి) నుంచి కేఎస్‌హెచ్‌వీ జీనోమ్ రికార్డు ఎన్‌సీ_009333 దించుకోండి. అందులోంచి ప్రోటీన్ వరుసలే తీసుకోండి, డీఎన్ఏ వద్దు. కాలం గడిచేకొద్దీ డీఎన్ఏ పోలిక చెరిగిపోతుంది, ప్రోటీన్‌లో కొంతైనా మిగులుతుంది. పేర్ల దగ్గర జాగ్రత్త. కోతుల్లో ఉండే చుట్టం, హెర్పిస్‌వైరస్ సైమిరితో సాటి కుదిరిన జన్యువులకు ఓఆర్ఎఫ్ (ప్రోటీన్‌కు కోడ్ ఉన్న భాగం) అంకెలు, కుదరని వాటికి ‘కే’ అంకెలు పెట్టారు. కీమోకైన్లను (కణాలను పిలిచే సంకేత ప్రోటీన్లు) పోలిన వాటిలో కే6 అంటే వీమిప్-1, కే4 అంటే వీమిప్-2. వీఐఆర్ఎఫ్‌లలో (ఇంటర్‌ఫెరాన్ నియంత్రక ప్రోటీన్ల వైరస్ రూపాలు) మొదటిది కే9, రెండోది కే11, మూడోది కే10.5, నాలుగోది కే10. వరుస క్రమం ఊహించి రాశారో, మీ ఫలితాల పట్టిక మొత్తం తారుమారవుతుంది.

తర్వాత ఎన్‌సీబీఐ ప్రామాణిక సేకరణ రెఫ్‌సీక్‌లోని మానవ ప్రోటీన్ల మీద బ్లాస్ట్‌పీ (ప్రోటీన్ పోలికలు వెతికే ప్రోగ్రాం) నడపండి. ఈ-విలువ (ఇంత పోలిక యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు దొరకొచ్చన్న అంచనా) హద్దు 0.00001 దగ్గర మొదలుపెట్టండి. తక్కువ వైవిధ్యమున్న భాగాలను దాచే వడపోత తప్పకుండా ఆన్‌లో ఉండాలి. లేదంటే ఓఆర్ఎఫ్73లోని ఆమ్ల అమైనో ఆమ్లాల పునరావృతాలు, సంబంధం లేని మానవ ప్రోటీన్లన్నిటినీ చుట్టాలుగా చూపిస్తాయి. సెట్టింగ్ సరిగా ఉందో లేదో తెలియాలంటే ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ అనే మరో హెర్పిస్ వైరస్) ప్రోటీన్ బీసీఆర్ఎఫ్1ను కూడా అందులో కలపండి. దానికి మానవ ఇంటర్‌ల్యూకిన్-10తో పోలిక ఎంత గట్టిదంటే, అది దొరక్కపోతే తప్పు మీ సెట్టింగ్‌లోనే.

దొరకని జన్యువులను వెంటనే కొట్టిపారేయకండి. కే2, అంటే వైరస్ ఇంటర్‌ల్యూకిన్-6, మానవ ప్రోటీన్‌తో కలిసేది దాదాపు 25 శాతమే. వీఐఆర్ఎఫ్‌ల పోలిక ఇంకా పలచన. ఇలాంటి వాటికి పలచటి పోలికలనూ పట్టే పీఎస్ఐ-బ్లాస్ట్ గానీ, హెచ్‌హెచ్‌ప్రెడ్ గానీ వాడండి. పొడవు చూసి కూడా మోసపోవద్దు. కే13 (వీఫ్లిప్, కణాల చావును ఆపే సీఫ్లిప్‌కు వైరస్ రూపం) 188 అమైనో ఆమ్లాలది, మానవ సీఫ్లిప్ పొడవు రూపం 480. పోలిక ఎంతమేర ఉందో వైరస్ ప్రోటీన్ వైపు నుంచి కొలవండి. మానవ ప్రోటీన్ వైపు నుంచి కొలిస్తే మంచి జోడీ కూడా హద్దు కింద పడిపోతుంది.

పోలిక కనిపించినంత మాత్రాన అది దొంగసొత్తు కాదు. ఓఆర్ఎఫ్9 డీఎన్ఏ పాలిమరేజ్ మన పాలిమరేజ్‌ల పోలికతోనే ఉంటుంది, కానీ అది హెర్పిస్‌లన్నిటిలోనూ ఉంది. కాబట్టి ప్రతి జన్యువునూ ఆల్ఫా, బీటా ఉపకుటుంబాల హెర్పిస్‌లలోనూ, ఈబీవీలోనూ, సైమిరిలోనూ వెతకండి. ఈ పని కొట్టేసిన కాలాన్ని కూడా కొంత చెబుతుంది. సైక్లిన్ (ఓఆర్ఎఫ్72), వీజీపీసీఆర్ అనే గ్రాహకం (ఓఆర్ఎఫ్74) సైమిరిలోనూ ఉన్నాయి. ఇంటర్‌ల్యూకిన్-6 సైమిరిలో లేదు, రీసస్ కోతి రాడినోవైరస్ అనే దగ్గరి చుట్టంలో ఉంది. అంటే అది తర్వాత వచ్చిచేరినట్టే కనిపిస్తుంది.

ఇక నాకు నచ్చిన సాక్ష్యం ఇంట్రాన్లు, అంటే ఎంఆర్ఎన్ఏ తయారయ్యేటప్పుడు కత్తిరించేసే జన్యు భాగాలు. మిగిలే ముక్కలే ఎక్సాన్లు. మానవ సైక్లిన్-డి1 జన్యువులో 5 ఎక్సాన్లుంటే, ఓఆర్ఎఫ్72 ఒకే ముక్క. ఇంట్రాన్లు తీసేసిన ఎంఆర్ఎన్ఏ రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌తో డీఎన్ఏగా మారి వైరస్‌లో చేరిందన్న వివరణకు ఇది బలం. మినహాయింపు ఇక్కడా ఉంది. వీజీపీసీఆర్‌ను పోలిన మన గ్రాహకం సీఎక్స్‌సీఆర్2. దాని ప్రోటీన్‌కు కోడ్ ఉన్న భాగం మనలోనే ఒక ఎక్సాన్‌లో ఇముడుతుంది, కాబట్టి ఓఆర్ఎఫ్74 విషయంలో ఈ సాక్ష్యం చెల్లదు. రెండు నుంచి నాలుగు వరకు వీఐఆర్ఎఫ్‌లలో ఇంట్రాన్ ఉంది. దాన్ని బట్టి అవి దొంగసొత్తు కావని చెప్పలేం.

చివరికి మాఫ్ట్ ప్రోగ్రాంతో వరుసలను పక్కపక్కన అమర్చి, ఐక్యూ-ట్రీ ప్రోగ్రాంతో వంశవృక్షం గీయండి. మనిషి, ఎలుక, కోడి, చేప ప్రోటీన్లు తప్పక చేర్చండి. వైరస్ కొమ్మ సస్తన జీవుల గుంపు లోపల కూర్చుంటే కేసు గట్టిపడుతుంది. బయట పడితే మాత్రం తొందరపడకండి. వైరస్ జన్యువులు వేగంగా మారతాయి కనుక వాటి కొమ్మలు సాగి, చెట్టు మొదలు వైపు జారిపోతాయి. కొన్ని దూరపు జాతుల వరుసలు తీసేసి, మళ్లీ గీసి చూడండి.

పట్టికలో ‘పని’ అనే గడిలో మానవ ప్రోటీన్ చేసే పనిని దించేయకండి. వైరస్ ఇంటర్‌ల్యూకిన్-6కు గ్రాహకపు ఆల్ఫా భాగం అక్కర్లేదు, సంకేతం పంపే భాగమైన జీపీ130ని నేరుగా పట్టుకుంటుంది. వైరస్ సైక్లిన్ కణ విభజనను నడిపే సీడీకే6 ఎంజైమ్‌తో జతకట్టాక, మన సైక్లిన్లను ఆపే పీ16, పీ27 దాన్ని ఆపలేవు. వీజీపీసీఆర్ కీమోకైన్ కోసం ఎదురుచూడకుండానే సంకేతాలు పంపుతుంది.