విశ్వవిద్యాలయ కార్యాలయ సిబ్బందికి కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ ఎంపిక చేసుకునే విధానం

విశ్వవిద్యాలయ కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగి రోజంతా చేసే పని చాలావరకు నాలుగైదు రకాలుగానే ఉంటుంది. ప్రవేశ దరఖాస్తులను సరిచూడడం, మార్కులూ ఫీజుల వివరాలూ నమోదు చేయడం, ఉత్తర్వులు తయారుచేయడం, పాత పత్రాలను వెతికి సంబంధిత విభాగానికి పంపడం వంటివే అవి. వీటిలో ఏ పనికీ అత్యంత వేగవంతమైన ప్రాసెసర్ అక్కరలేదు. అయితే ఇరవై ట్యాబులు తెరిచిన బ్రౌజర్, రెండు పెద్ద స్ప్రెడ్‌షీట్లు, ఒక వీడియో సమావేశం ఒకేసారి నడిచేటప్పుడు మెమరీ చాలకపోతే యంత్రం మొరాయిస్తుంది. అందువల్ల ఉన్న డబ్బును ముందుగా మెమరీకి, ఎస్ఎస్‌డీకి (హార్డ్ డిస్క్ స్థానంలో వాడే వేగవంతమైన నిల్వ పరికరానికి), మానిటర్లకు, బ్యాకప్‌కు కేటాయించి, మిగిలినదాన్నిబట్టి ప్రాసెసర్ స్థాయిని నిర్ణయించుకోవాలని నా సలహా.

మెమరీ 16 జీబీకి తగ్గకుండా చూడాలి. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస పరిమితి 4 జీబీయే అయినా, అది వ్యవస్థ మొదలు కావడానికి సరిపోతుందే తప్ప పని సాగడానికి సరిపోదు. సన్నని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మెమరీని మదర్‌బోర్డుకే అతికించేస్తారు కనుక తరువాత పెంచుకునే వీలు ఉందో లేదో కొనకముందే అడిగి తెలుసుకోవాలి. నిల్వకు 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (సాటా అనే పాత రకంకన్నా వేగవంతమైనది) చాలు. అసలు రికార్డులు ఉండవలసింది సర్వర్‌లోనే గాని ఉద్యోగి బల్లమీది యంత్రంలో కాదు. పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 200 ఎంబీ చదివితే, సాటా ఎస్ఎస్‌డీ 550 వరకూ, ఎన్‌వీఎంఈ రకం వేలల్లోనూ చదువుతాయి. నాలుగైదేళ్ల నాటి యంత్రంలో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే, అదే యంత్రమా అనిపించేటంత తేడా కనిపిస్తుంది. ప్రాసెసర్ విషయంలో ఇంటెల్ కోర్ 5 లేదా ఏఎండీ రైజెన్ 5 తరగతిది సరిపోతుంది.

పాత యంత్రాలను కొనసాగించాలనుకునేవారు ఒక విషయం తప్పక గమనించాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆఫీస్ 2016, 2019 సంచికలకూ అదే రోజు గడువు తీరింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ ఉండాలి. చాలా యంత్రాల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (యంత్రం మొదలయ్యేటప్పుడు తెరిచే అమరికల్లో) ఆపివేసి ఉంటుంది కనుక, అక్కడ చూడకుండా యంత్రాన్ని పక్కన పెట్టేయవద్దు. నిజంగానే అర్హత లేని యంత్రాన్ని, పని అంతా బ్రౌజర్‌లోనే జరిగే సీటుకు మార్చి, అందులో ఉబుంటు ఎల్‌టీఎస్ (ఉచిత లినక్స్ వ్యవస్థలో దీర్ఘకాల మద్దతు గల సంచిక) వేసుకోవచ్చు. దానికి ఐదేళ్లపాటు భద్రతా నవీకరణలు వస్తాయి. కొత్తగా విండోస్ యంత్రాలు కొనేటప్పుడు హోమ్ సంచికను కాక ప్రో లేదా ఎడ్యుకేషన్ సంచికను అడగాలి. హోమ్ సంచికను సంస్థ డొమైన్‌లో (యంత్రాలన్నిటినీ ఒకేచోటినుంచి నిర్వహించే వ్యవస్థలో) చేర్చడం కుదరదు.

మానిటర్ల దగ్గర పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతాను. 24 అంగుళాల మానిటర్లు రెండు ఉంటే, ఎడమవైపు స్కాన్ చేసిన దరఖాస్తు, కుడివైపు నమోదు పేజీ పెట్టుకుని, తెరమీది విండోలు మార్చకుండా, కాగితం మీద రాసుకోకుండా పని చేయవచ్చు. ఒకే తెరమీద మాటిమాటికీ అటూ ఇటూ మారేటప్పుడే ఒక విద్యార్థి పుట్టిన తేదీ మరొకరి వరుసలోకి చేరిపోతుంది. తెర పై అంచు కంటి ఎత్తుకు రావాలి కనుక ఎత్తు సర్దుకునే స్టాండు ఉన్నవాటినే తీసుకోండి. తరచూ బయటి సమావేశాలకు వెళ్లేవారికి ల్యాప్‌టాప్, దాన్ని మానిటర్లకు, కీబోర్డుకు కలిపే డాక్ ఇచ్చి, మిగిలినవారికి డెస్క్‌టాపే ఇవ్వడం మేలు.

ప్రింటర్ ప్రతి బల్లకూ అవసరం లేదు; విభాగానికంతటికీ రెండువైపులా ముద్రించే నెట్‌వర్క్ లేజర్ ప్రింటర్ ఒకటి చాలు. స్కానర్‌కు మాత్రం కాగితాలను వాటంతట అవే లాక్కునే ఫీడర్ ఉండాలి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద స్కాన్ చేసి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే పాఠంగా మార్చే సాధనం) నడిపి, దీర్ఘకాలం దాచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్-ఏ రూపంలో దాచుకుంటే పదేళ్ల తరువాత కూడా పేరుతో వెతికి తీయవచ్చు. యూపీఎస్‌కు కంప్యూటర్‌ను, మానిటర్లను, రూటర్‌ను కలపాలి. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగుతుంది కనుక దాన్ని బ్యాటరీ సాకెట్లో పెట్టకూడదు.

ఆఫీస్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఏది ఎంచుకున్నామన్నదానికన్నా, విభాగమంతా ఒకటే వాడడం ముఖ్యం. లిబ్రేఆఫీస్ ఉచితం, అనేక కార్యాలయాల అవసరాలకు అది సరిపోతుంది. కానీ సగం మంది అందులోనూ సగం మంది మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోనూ ఒకే ఉత్తర్వును దిద్దుతూ ఉంటే పట్టికలు చెదిరిపోతాయి. స్థానిక భాషలో టైపు చేసేది ఏదైనా యూనికోడ్‌లోనే (అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతిలోనే) ఉండాలి. పాత ఫాంట్లలో చేసిన పత్రం ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తులుగా మారుతుంది, వెతికినా దొరకదు.

స్ప్రెడ్‌షీట్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే కార్యాలయాల్లో నేను చూసిన తప్పులు చాలావరకు అక్కడే పుట్టాయి. 12 అంకెల హాల్ టికెట్ నంబర్లున్న సీఎస్‌వీ (కామాలతో విడదీసిన సాదా పట్టిక) ఫైలును మౌస్‌తో రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే, నంబరు స్థానంలో 2.20413E+11 అని కనిపిస్తుంది. చూసేవారు అది ప్రదర్శనలో తేడాయే అనుకుని అలాగే సేవ్ చేస్తే, సీఎస్‌వీలోకి ఆ కుదించిన రూపమే వెళుతుంది, చివరి అంకెలు పోతాయి, ఆ వరుసలన్నీ ఒకే నంబరుగా కనిపిస్తాయి. ముందు సున్నాలున్న నంబర్లకైతే తెరిచిన క్షణంలోనే ఆ సున్నాలు రాలిపోతాయి. అందువల్ల అలాంటి ఫైలును నేరుగా తెరవకుండా, డేటా మెనూలోని దిగుమతి మార్గం ద్వారా తెచ్చుకుని, నంబరు నిలువు వరుసను 'టెక్స్ట్' అని ముందే ప్రకటించాలి. పాత ఎక్స్ఎల్ఎస్ రూపాన్ని కూడా పూర్తిగా విడిచిపెట్టండి. అందులో 65,536 వరుసలే పడతాయి. కొత్త ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో 10,48,576 పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు రాకపోవడానికి ఆ పాత రూపపు పరిమితే కారణమైంది.

పీడీఎఫ్‌లో విద్యార్థి ఫోను నంబరు మీద నల్లని పెట్టె గీసి పంపడం రహస్యం దాచినట్టు కాదు. ఆ పెట్టె కింది అక్షరాలను ఎవరైనా కాపీ చేసుకోగలరు. సమాచారాన్ని నిజంగా తొలగించే 'రిడాక్షన్' సౌకర్యమున్న సాఫ్ట్‌వేర్‌నే అందుకు వాడాలి.

భద్రతకు ప్రతి ఉద్యోగికీ పాస్‌వర్డ్ మేనేజర్ ఇవ్వాలి. బిట్‌వార్డెన్, కీపాస్ వంటివి ఇందుకు బాగుంటాయి. మెయిల్‌కు, విద్యార్థుల రికార్డుల వ్యవస్థకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేయాలి, రోజువారీ లాగిన్‌కు అడ్మినిస్ట్రేటర్ అధికారాలు ఇవ్వకూడదు. డిస్కును విండోస్‌లోని బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనివారు చదవలేని రూపంలోకి మార్చి), రికవరీ కీని ఆ యంత్రంలో కాకుండా ఐటీ విభాగం వద్ద భద్రపరచాలి.

బ్యాకప్‌కు మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే భవనంలో అన్న నియమం పాతదే అయినా దానికి మించినది నాకు తెలియదు. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌ను బ్యాకప్ అనుకోవడం పొరపాటు, ఇక్కడ చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. మూడు నెలలకొకసారి ఏదో ఒక పాత మార్కుల జాబితాను బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి, తెరిచి, మొదటి వరుసా చివరి వరుసా అసలుతో పోల్చి చూడండి, తేదీ వేసి ఒక రిజిస్టరులో సంతకం చేయండి. పాత యంత్రాన్ని కార్యాలయం నుంచి బయటికి పంపే రోజున ఫైళ్లు డిలీట్ చేసి ఊరుకోకుండా, ఎస్ఎస్‌డీ అయితే తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ సాధనంతో, హార్డ్ డిస్క్ అయితే మొత్తం తిరగరాసే సాధనంతో పూర్తిగా తుడిచి, యంత్రం సీరియల్ నంబరుతో సహా ఆ రిజిస్టరులోనే నమోదు చేయండి.