ఇల్లు మారే ఎండాకాలంలో పిల్లల్ని బయట తిప్పాలంటే

ఆషాఢం వచ్చేలోపు ఇల్లు మారాలని మా అత్తమ్మ పట్టుబట్టింది. అందుకే మే నెలలోనే కడప నుంచి కర్నూలుకు వచ్చేశాం, నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబుతో.

ఒక రోజు సర్దుడు, ఒక రోజు షికారు పెట్టుకోండి. తెల్లవారుజామున ఐదు నుంచి తొమ్మిది వరకే సర్దండి, ఆ తర్వాత ఎండకు ఒళ్లు సహకరించదు. గాజు సామాను పాత చీరల్లో చుట్టండి. స్టవ్, పాలగిన్నె, చాప, టేబుల్ ఫ్యాన్ చివర ఎక్కించండి. కొత్తింట్లో ముందు దిగాల్సినవి అవే. పాలు పొంగించాకే మిగతా సామాను.

గండికోటకు పొద్దున్నే వెళ్లండి. పెన్నా లోయ అంచున పిల్లల చెయ్యి అస్సలు వదలొద్దు, ఫొటో కోసమైనా సరే. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. చూడనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. లోపల చల్లగా ఉంటుందనుకుంటాం కానీ కొన్ని చోట్ల బాగా ఉక్కపోస్తుంది, నూలు బట్టలే వేయండి. బొరుగులు, మజ్జిగ వెంట ఉంచుకోండి. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు సాయంత్రం చాలు.

పాప రెండు రాత్రులు పాత ఇల్లు కావాలని ఏడ్చింది. తన దుప్పటి ఉతక్కుండా అలాగే పరిచాను. మూడో రాత్రి నిద్రపోయింది.