ఎయిర్‌బ్యాగ్ జాకెట్ కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి, కొన్నాక ఎలా వాడాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దగ్గర ఒక టీ కొట్టు ముందు బండి ఆపాను. దిగి రెండు అడుగులు వేశానో లేదో, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకున్నట్టయింది. ఏదో తట్టుకుందనుకుని విసురుగా ముందుకు లాగాను. ఫట్టుమని శబ్దం. రెప్పపాటులో మెడ చుట్టూ, ఛాతీ మీద, వీపు మీద గాలి నిండిపోయి తాబేలులా బిగుసుకుపోయాను. కొట్టాయన గరిటె ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. ఎయిర్‌బ్యాగ్ వెస్టు (బండి మీద నుంచి పడినప్పుడు గాలి నిండి ఒంటిని కాపాడే చేతుల్లేని జాకెట్) పట్టీని బండి నుంచి విప్పకుండా దిగడమే నేను చేసిన తప్పు.

వెస్టును నింపే చిన్న గ్యాస్ డబ్బా, అంటే కాట్రిడ్జ్, ఒకటి వృథా అయింది గానీ, ఇది ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఒంటికి తెలిసింది. అప్పటి నుంచి ఇది తొడుక్కుని ఎక్కడ ఆగినా అదే ప్రశ్న: ‘అంత డబ్బు పెట్టి కొనదగినదేనా?’ హైవే మీద తరచూ వెళ్లేవారికైతే కొనదగినదే. కాకపోతే వరుసలో దీనిది మొదటి స్థానం కాదు, అయిదో స్థానం. అది ఎలాగో ఒక్కో అడుగుగా చూద్దాం.

మొదటి అడుగు: ముందు బీరువా తెరవండి

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు ఒక్క ఆ ఏడాదే 50,029 మంది. ఈ రెండో అంకె చూశాక ఎయిర్‌బ్యాగ్ గురించి మాట్లాడాలంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది. ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ జాకెట్ తలను కాపాడదు. చేతులనూ కాళ్లనూ కూడా కాపాడదు.

అందుకే ముందు మీ దగ్గర ఏమున్నాయో చూసుకోండి. ఐఎస్ఐ గుర్తున్న, తలకు సరిగ్గా బిగిసే, గడ్డం కింద పట్టీ పెట్టుకునే నిండు హెల్మెట్. వెనక కూర్చునేవారికి కూడా అలాంటిదే. అరచేతి దగ్గర గట్టి పలక ఉన్న గ్లోవ్స్. చీలమండను కప్పే బూట్లు. భుజాలకు, మోచేతులకు, వీపుకు రక్షణ పలకలున్న మామూలు రైడింగ్ జాకెట్. ఈ నాలుగూ ఉంటేనే ముందుకు చదవండి. ఏ ఒక్కటి లేకపోయినా డబ్బు ముందు దానికే పెట్టండి. అరిగిపోయిన టైర్లతో తిరిగేవారు కూడా ఈ జాబితాలోకే వస్తారు.

రెండో అడుగు: ఎక్కడ పనికొస్తుందో లెక్క వేయండి

అమ్మేవారు చెప్పని లెక్క ఇది. బండికి పట్టీతో తగిలించే వెస్టు నిండటానికి దాదాపు 0.1 సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. అంటే అది నిండేలోపు మీరు ఒకటిన్నర మీటరుకు పైగా ముందుకు వెళ్లిపోతారు. పైగా ఆ 0.1 సెకను మొదలయ్యేది గుద్దుకున్నప్పుడు కాదు, మీరు సీటు మీద నుంచి లేచి పట్టీ బిగుసుకున్నాక. ఆగి ఉన్న లారీని రాత్రి పూట నేరుగా గుద్దితే పట్టీ బిగిసేసరికే ఛాతీ లారీకి తగిలి ఉండవచ్చు. అలాంటి చోట దీని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇప్పుడు ఇంకో లెక్క. మీటరు ఎత్తు నుంచి కింద పడటానికి దాదాపు 0.45 సెకను పడుతుంది. మలుపులో ఇసుక మీద బండి జారినా, కుక్క అడ్డొచ్చి ఎగిరి పడినా, పక్క నుంచి కారు తగిలి విసిరేసినా ఒళ్లు నేలకు తగిలేలోపు వెస్టు నిండటానికి వ్యవధి ఉంటుంది. ఆ తర్వాత డివైడర్‌కో కిలోమీటరు రాయికో వీపు కొట్టుకున్నా మధ్యలో గాలి పొర ఉంటుంది. మెడ చుట్టూ ఉబ్బిన భాగం హెల్మెట్‌ను పట్టి ఉంచి తల అటూ ఇటూ విరుచుకుపోకుండా ఆపుతుంది.

రేసుల్లో ఇది అంతగా పేరు తెచ్చుకోవడానికి కారణం కూడా ఇదే. మోటోజీపీ అనే అంతర్జాతీయ మోటార్‌సైకిల్ రేసుల్లో 2018 సీజన్ నుంచి రేసర్ల సూట్లలో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంలో జారిపడి, దుమ్ము దులుపుకుని లేచి నడిచే రేసర్లను టీవీలో చూస్తూనే ఉంటాం. కానీ ఆ ట్రాక్ మీద లారీ ఎదురురాదు, గేదె అడ్డం రాదు. వాళ్లు పడతారు, దొర్లుతారు, ఆగుతారు. మనం పడ్డాక దేనికో ఒకదానికి తగులుతాం. కాబట్టి ‘రేసర్లకు పనిచేసింది కదా’ అన్న ఒక్క మాటతో కొనేయకండి.

వారానికి రెండు మూడు సార్లు హైవే ఎక్కేవారు, ఘాట్ రోడ్ల మీద తిరిగేవారు, రాష్ట్రాలు దాటి వెళ్లేవారు అయితే నా లెక్కలో ఇది తీసుకోదగినదే. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు ముప్పై వేగంతో వెళ్లేవారు ఆ డబ్బుతో మంచి హెల్మెట్, గ్లోవ్స్ కొనుక్కుని, మిగిలింది దాచుకోవచ్చు.

మూడో అడుగు: పట్టీ రకమా, ఎలక్ట్రానిక్ రకమా?

పట్టీ రకం చాలా సాదా యంత్రం. వెస్టులో చిన్న బొగ్గుపులుసు వాయువు కాట్రిడ్జ్ ఉంటుంది. దాని మూతి దగ్గర స్ప్రింగుతో బిగించిన సూది. ఆ సూదిని ఆపి ఉంచే చిన్న లోహపు గుండు పట్టీ చివర ఉంటుంది. ఇరవై, ముప్పై కిలోల బరువుతో లాగినంత గట్టిగా లాగితే గుండు ఊడి వస్తుంది, సూది మూతిని పొడుస్తుంది, గ్యాస్ వెస్టులోకి దూసుకుపోతుంది. చార్జింగ్ లేదు, ఫోన్‌లో యాప్ లేదు. జపాన్‌కు చెందిన హిట్-ఎయిర్, ఫ్రాన్స్‌కు చెందిన హెలైట్ ఈ రకానికి పాత పేర్లు. వాడుకున్నాక కాట్రిడ్జ్ మార్చి, గుండును తిరిగి బిగించుకుంటే మళ్లీ సిద్ధం. రోడ్డు పక్కన కూర్చుని మీరే చేసుకోవచ్చు. నేను ఆ టీ కొట్టు బెంచీ మీదే చేసుకున్నాను.

ఎలక్ట్రానిక్ రకంలో పట్టీ ఉండదు. వీపు దగ్గరి చిన్న పెట్టెలోని సెన్సర్లు మీ కదలికను కొలుస్తూ ఉంటాయి. ఇన్ అండ్ మోషన్ అనే ఫ్రెంచి సంస్థ పెట్టె సెకనుకు 1000 సార్లు కొలిచి, ప్రమాదాన్ని పసిగట్టి 0.06 సెకనులో వెస్టును నింపుతుంది. ఇటలీకి చెందిన డైనీజ్, ఆల్పైన్‌స్టార్స్ సంస్థలు కూడా ఈ రకమే చేస్తాయి. మీరు బండి నుంచి విడిపోయే దాకా ఆగనక్కర్లేదు కాబట్టి ఎదురుగా గుద్దుకున్నప్పుడు పట్టీ రకం కంటే ముందుగా మేలుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఎవరో గుద్దిన సందర్భంలోనూ, బండితో పాటే జారిపోతూ పట్టీ బిగుసుకోని సందర్భంలోనూ దీనిదే పైచేయి.

అయితే దీనితో రెండు చిక్కులున్నాయి. చార్జింగ్ మరిచిపోతే అది మామూలు చొక్కాయే. రెండోది, కొన్ని కంపెనీలు పెట్టె పనిచేయడానికి నెలవారీ లేదా ఏటా చందా అడుగుతాయి. చందా ఆగితే కొంత గడువు తర్వాత పెట్టె పనిచేయడం మానేస్తుంది. ప్రాణం కాపాడే వస్తువు బిల్లు కట్టలేదని పడుకుంటే ఎలా అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. కొనేముందు ఈ ఒక్కటీ గట్టిగా అడగండి. నిండిన తర్వాత కాట్రిడ్జ్‌ను ఇంట్లోనే మార్చుకోవచ్చా, కంపెనీకి పంపాలా అన్నది కూడా అడగండి. విదేశాలకు పంపాలంటే నెలల తరబడి అది లేకుండానే తిరగాలి.

మన ఊళ్లలో సర్వీసు దొరకడం కష్టం. అందుకే నేను పట్టీ రకం వైపే మొగ్గాను. నగరంలో ఉండి, అమ్మినవారే సర్వీసు చేసే వీలుంటే, డబ్బు ఉంటే, ఎలక్ట్రానిక్ రకం తీసుకోండి.

నాలుగో అడుగు: లేబుల్ చదవండి

లోపలి లేబుల్ మీద సీఈ గుర్తు (ఐరోపా నిబంధనలకు తగినదని చెప్పేది), ఈఎన్ 1621-4 అన్న అంకె వెతకండి. మోటార్‌సైకిల్ ఎయిర్‌బ్యాగ్‌లకు ఐరోపా వారి ప్రమాణం అది. పరీక్షలో బరువైన దిమ్మెను మీద పడేసి, అవతలి వైపుకు ఎంత బలం చేరిందో కొలుస్తారు. లెవల్ 1 అయితే సగటున 4.5 కిలోన్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం), లెవల్ 2 అయితే 2.5 కిలోన్యూటన్లు దాటకూడదు. జాకెట్‌లో వీపు దగ్గర పెట్టే మామూలు పలకకు ఇదే తరహా పరీక్షలో లెవల్ 1కు 18, లెవల్ 2కు 9 కిలోన్యూటన్ల దాకా ఒప్పుకుంటారు. ఎయిర్‌బ్యాగ్ మీద డబ్బు పెట్టడానికి ఉన్న అసలు కారణం ఈ తేడాయే. లేబుల్ లేకుండా చవకగా వచ్చేవాటిని ముట్టుకోకండి. పాతవి కొనడం కూడా వద్దు. సంచికి ఎక్కడ సూది మొనంత రంధ్రం పడిందో కంటికి కనిపించదు.

అమెరికాలో వీటి ధర రకాన్ని బట్టి వందల డాలర్లలో ఉంటుంది. అక్కడి బంధువులు వస్తూ తేవడం మన ఇళ్లలో మామూలే కదా. వెస్టు తేవచ్చు గానీ కాట్రిడ్జ్ ఒత్తిడితో నింపిన గ్యాస్ కాబట్టి విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ మాట చెప్పకపోతే పాపం ఆ మేనమామ విమానాశ్రయంలో దాన్ని వదిలేసి రావాల్సి వస్తుంది.

అయిదో అడుగు: కొలత చూసుకోండి

పైన వేసుకునే వెస్టయితే మీ రైడింగ్ జాకెట్ తొడుక్కుని కొట్టుకు వెళ్లండి. లోపల వేసుకునే రకమయితే పై జాకెట్‌కు, ఒంటికి మధ్య గాలి నిండేంత చోటుండాలి. చుట్టూ నాలుగు వేళ్ల సందు ఉందేమో చూడండి. ఒంటికి అతుక్కున్న లెదర్ జాకెట్ కింద ఇది నిండితే ఆ ఒత్తిడంతా మీ పక్కటెముకల మీదే పడుతుంది.

వీపు సంచి పెద్ద సమస్య. వెస్టు మీద బిగుతుగా సంచి తగిలిస్తే వీపు భాగం సరిగ్గా ఉబ్బదు. ల్యాప్‌టాప్‌ను బండికి కట్టే సంచిలోకి మార్చండి. వర్షపు కోటు సన్నగా ఉంటే దాన్ని వెస్టు లోపల వేసుకోండి.

ఆరో అడుగు: పట్టీని బండికి కట్టండి

ఇక్కడ తొందర వద్దు, అరగంట కేటాయించండి. సీటు ఎత్తి, దాని ముందు అంచు కింద ఉన్న ఫ్రేము ఇనుప గొట్టానికి ఉచ్చు వేయండి. స్కూటర్ అయితే సంచులు తగిలించే ప్లాస్టిక్ కొక్కెం జోలికి పోవద్దు. గుండు ఊడే లోపే కొక్కెం విరిగి చేతికొస్తుంది. సీటు కింది ఇనుప భాగమే వెతకండి.

తర్వాత బండిని స్టాండు మీద నిలబెట్టి ఎక్కి కూర్చోండి. పట్టీ తగిలించుకుని ఫుట్‌రెస్టుల మీద పూర్తిగా లేచి నిలబడండి. రెండు వైపులకూ వంగి నేల మీద కాలు పెట్టండి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర, గుంతల దగ్గర మనం సీటు మీద నుంచి లేస్తాం కాబట్టి ఈ పరీక్ష తప్పదు. వీటిలో ఎక్కడా పట్టీ బిగుసుకోకూడదు. అలాగని చెయినుకో వెనక చక్రానికో తగిలేంత పొడవూ ఉండకూడదు.

వెనక కూర్చునేవారికి వేరే వెస్టు, వేరే పట్టీ కావాలి. ఒకే వైపుకు కాళ్లు పెట్టి కూర్చునే అలవాటుంటే వెస్టు కంటే ముందు మార్చుకోవాల్సింది ఆ అలవాటు. పెద్దల వెస్టును పిల్లలకు తొడగకండి.

తాళం తిప్పే ముందు పట్టీ తగిలించడం, బండి ఆపి తాళం చెవి తీశాక పట్టీ విప్పడం అలవాటు కావాలి. నా మొదటి నెలంతా తాళం గుత్తికి ఒక ఎర్ర రిబ్బను కట్టుకున్నాను, చూడగానే గుర్తొస్తుందని. ఆ టీ కొట్టు సంగతి రిబ్బను ఊడిపోయిన వారం జరిగింది.

ఏడో అడుగు: ఎండ, బరువు, గడువు

కాట్రిడ్జ్‌ను ఎండలో వదలకూడదు. మే నెలలో విజయవాడ ఎండకు నిలిపి ఉంచిన కారులోపల వేడి ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. వెస్టును కారు డిక్కీలోనో, ఎండలో నిలిపిన బండి పెట్టెలోనో పెట్టకుండా వెంట తీసుకుపోండి.

ఆరు నెలలకోసారి కాట్రిడ్జ్ విప్పి తూచండి. దాని మీద మొత్తం బరువు చెక్కి ఉంటుంది. వంటింటి డిజిటల్ కాటా చాలు. చెక్కిన అంకె కంటే కొన్ని గ్రాములు తగ్గిందంటే గ్యాస్ కారిపోతోందని అర్థం, మార్చేయండి. అదనంగా ఒక కాట్రిడ్జ్ ఎప్పుడూ మీ వెంట ఎండ తగలని చోట, బిగించే చిన్న కీ జేబులో ఉండాలి. కొన్న కాట్రిడ్జ్ మీ వెస్టు సైజుదేనా అన్నది ఘనపరిమాణం చూసి సరిచూసుకోండి. చిన్నది బిగిస్తే వెస్టు సగమే నిండుతుంది.

చివరగా, మీతో వచ్చేవారికి చెప్పాల్సినది ఒకటుంది. ప్రమాదం జరిగి వెస్టు నిండితే గాలి కొన్ని నిమిషాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అప్పటి దాకా ఊపిరి కష్టంగా ఉందనిపిస్తే ఛాతీ మీది క్లిప్పులు, జిప్పు విప్పితే చాలు. మెడను కదపకుండా, హెల్మెట్ లాగకుండా, 108కి ఫోన్ చేసి, వచ్చినవారికి ‘లోపల గ్యాస్ సంచి ఉంది’ అని ముందే చెప్పమనండి. బయలుదేరే ముందు ఆ క్లిప్పులు ఎలా విప్పాలో వాళ్ల చేత ఒకసారి విప్పించండి.