నీళ్ల సీసాకూ డిపాజిట్ కావాలని మసాచుసెట్స్ చట్టసభకు ఎలా చెప్పాలి

ముందు ఇంట్లో ఉన్న నీళ్ల సీసా ఒకటి తీసుకుని లేబుల్ చదవండి. సన్నటి అక్షరాల్లో కనెక్టికట్, మెయిన్, న్యూయార్క్ గుర్తులు, పక్కన సెంట్లు ఉంటాయి. మన మసాచుసెట్స్ గుర్తు ఉండదు. డిపాజిట్ అంటే కొనేటప్పుడు సీసాకింత అని కట్టి, ఖాళీది తిరిగిస్తే వెనక్కి తీసుకునే డబ్బు. 1983లో ఇక్కడ అమల్లోకి వచ్చిన డిపాజిట్ చట్టం బీరుకూ, గ్యాసున్న డ్రింకులకూ మాత్రమే. సోడా సీసా తిరిగిస్తే ఐదు సెంట్లు, నీళ్లదిస్తే ఏమీ రాదు. ఆ లేబుల్ ఫొటో తీసి పెట్టుకోండి, పనికొస్తుంది.

తర్వాత చెరువు గట్టునో పార్కులోనో చెత్త ఏరే రోజు రెండు సంచులు పట్టుకెళ్లండి, డిపాజిట్ ఉన్నవాటికొకటి, లేనివాటికొకటి. నేను వెళ్లినరోజు నీళ్ల సీసాల సంచి మూతి కట్టేసరికి డిపాజిట్ ఉన్నవాటి సంచి సగం కూడా నిండలేదు. ఆ లెక్క కాగితం మీద రాసుకోండి.

చట్టసభ వెబ్‌సైట్లో మీ అడ్రస్ కొడితే మీ రిప్రజెంటేటివ్, సెనేటర్ ఎవరో తెలుస్తుంది. నీళ్ల సీసాలనూ ఈ చట్టంలో చేర్చే బిల్లు హియరింగ్‌కు, అంటే జనం మాట వినే సమావేశానికి, వచ్చినప్పుడు ఎవరైనా మాట్లాడవచ్చు. నాకిక్కడ ఓటు లేదు, అయినా మాట్లాడాను. దొరికేది రెండు మూడు నిమిషాలే. మీ ఊరు పేరు, మీ లెక్క, ఆ ఫొటో, వీటితో మొదలుపెట్టండి.

ఎదురయ్యే వాదనలకు సిద్ధంగా ఉండాలి. 2014లో ఇదే విషయం ఓటింగ్‌కు పెడితే జనం భారీ తేడాతో కాదన్నారు. ఇంటి ముందు రీసైక్లింగ్ డబ్బా ఉందిగా అన్నది అప్పటి పెద్ద మాట. కానీ ఆటస్థలంలో తాగిన సీసా ఇంటి దాకా వస్తుందా? దుకాణదారుల బాధ మాత్రం నిజమైనదే, కొట్టిపారేయకండి. ఖాళీ సీసాలు పెట్టుకోవడానికి చోటు కావాలి, వేరు చేయడానికి మనిషి కావాలి. 2009లో న్యూయార్క్ నీళ్ల సీసాలను చేర్చినప్పుడే, సీసాకింత అని దుకాణాలకు దక్కే హ్యాండ్లింగ్ ఫీజును 2 సెంట్ల నుంచి 3.5 సెంట్లకు పెంచింది. ఇక్కడా ఫీజు పెంచమని మీ రిప్రజెంటేటివ్‌కూ సెనేటర్‌కూ రాసే ఉత్తరంలో తప్పక అడగండి. అది లేకుండా దుకాణాల వాళ్లు మనతో కలిసి రారు, రమ్మనడం న్యాయం కూడా కాదు.

చట్టసభ సెషన్ రెండేళ్లది. అది ముగిస్తే తేలని బిల్లు మళ్లీ కొత్తగా, కొత్త నంబరుతో పెట్టాలి. అందుకే ఉత్తరం పంపేముందు ఆ ఏటి నంబరు సరిచూసుకోండి.